సముద్రం అడుగున దొరికిన కంటి మందు

[తెరపై: తగరపు డబ్బా, అందులో గుండ్రటి బూడిద రంగు బిళ్ళలు]

ఈ బిళ్ళల్ని చూడండి. ఒక్కోటి సుమారు 4 సెంటీమీటర్ల వెడల్పు, 1 సెంటీమీటరు మందం. మట్టిబిళ్ళల్లా కనిపిస్తాయి గానీ, ఇవి మందు. రెండు వేల ఏళ్లకు ముందు ఎవరో నూరి, కలిపి, ఒత్తి పెట్టుకున్న మందు.

క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో ఇటలీలోని టస్కనీ తీరాన, బరాట్టి గల్ఫ్‌లో ఒక ఓడ మునిగింది. 1974లో దాని జాడ తెలిసింది. తర్వాత జరిపిన తవ్వకాల్లో 136 చిన్న చెక్క సీసాలు, రాతి కల్వం, రక్తం లాగే కంచు గిన్నె దొరికాయి. వీటిని బట్టి చూస్తే, ఆ ఓడలో వైద్యుడి సరంజామా ఉన్నట్టే. ఆ వస్తువుల్లోనే ఈ తగరపు డబ్బా కూడా ఉంది. లోపల ఆరు బిళ్ళలు! డబ్బా మూత గట్టిగా బిగిసి ఉండటం వల్ల అవి ఉప్పునీటికి కరిగిపోలేదు.

[తెరపై: మైక్రోస్కోప్ కింద నార పోగులు]

2013లో వెలువడిన పరిశోధనలో అసలు సంగతి తెలిసింది. బిళ్ళలో ఎక్కువ భాగం జింకు కార్బొనేట్లు. వాటితోపాటు పిండిపదార్థం, తేనెమైనం, పైన్ చెట్టు బంక, మొక్కల నూనె, జంతువుల కొవ్వు ఉన్నాయి. పైన్ బంక కలిపితే నూనె త్వరగా కంపు కొట్టదు, సూక్ష్మజీవులు కూడా పెరగవు. నాకు బాగా నచ్చింది మాత్రం నార పోగుల సంగతి. మట్టి ఇటుకలో గడ్డి కలిపినట్టు, బిళ్ళ విరిగిపోకుండా వాటిని కలిపారు. ఎంత అనుభవం ఉంటే ఇంత ఆలోచన వస్తుంది!

మరి ఇది కంటికే అని ఎలా చెప్పారు? బిళ్ళల మీద ఏమీ రాసి లేదు. జింకు ఖనిజాలను కంటి మందుల్లో వాడతారని ఒకటో శతాబ్దపు గ్రీకు, రోమన్ రచయితలు రాశారు. పైగా కంటి మందుకు వాళ్ల మాట 'కొల్లీరియం'. చిన్న గుండ్రటి రొట్టెను చెప్పే గ్రీకు మాట నుంచి వచ్చింది. ఈ బిళ్ళల ఆకారమూ అదే. ఇది ఊహే, కానీ బలమైన ఊహ.

[తెరపై: తిరగేసి చెక్కిన అక్షరాలున్న చిన్న రాయి]

రాతలున్న ఆధారాలు వేరే ఉన్నాయి. రోమన్ కంటి వైద్యులు చిన్న రాళ్ల అంచుల మీద అక్షరాలను తిరగేసి చెక్కించి, మెత్తగా ఉన్న మందు మీద ముద్ర వేసేవారు. ఇలాంటి రాళ్లు ఇప్పటికి 300కి పైగా దొరికాయి, ఎక్కువగా ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్‌లలో. వాటి మీద వైద్యుడి పేరు, మందు పేరు, ఏ బాధకో ఉంటాయి. కళ్లు ఎర్రబడి పుసి కట్టడానికి ఒకటి, రెప్పల లోపలి గరుకుకు ఇంకొకటి, చూపు తేటపడటానికి మరొకటి. కొన్నింటి మీద 'గుడ్డుతో' అని ఉంటుంది. అంటే ఎండిన మందును గుడ్డు తెల్లసొనలో కరిగించి కంట్లో వేయాలన్నమాట. ఇప్పటి మందుల డబ్బా మీద వాడే విధానం రాసినట్టే.

ఈజిప్టు సంగతి ఇంకా పాతది. అక్కడి సమాధుల్లో దొరికిన కాటుకలో సీసం క్లోరైడ్లు కనిపించాయి. అవి ప్రకృతిలో చాలా అరుదు. కాబట్టి ఉప్పు, సీసం ఆక్సైడ్ నీళ్లలో కలిపి, వారాల తరబడి ఓపికగా తయారుచేసి ఉండాలి. చాలా తక్కువ మోతాదులో ఈ సీసం చర్మకణాలను రెచ్చగొట్టి, రోగనిరోధక శక్తిని మేల్కొలుపుతుందని 2010లో ఒక పరిశోధన చూపింది. అలాగని సీసం కలిసిన కాటుకను ఎవరూ కంటికి పెట్టుకోకండి. సీసం విషం, పిల్లలకు మరీ ప్రమాదం.

[తెరపై: లియోన్ సమాధిలో దొరికిన మందు కడ్డీలు]

చివరగా ఇవి చూడండి. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఒక రోమన్ సమాధిలో దొరికిన కంటి మందు కడ్డీలు. కొన్నింటి మీద రాతి ముద్ర ఇప్పటికీ కనిపిస్తుంది.