మగ్దలేనే మరియ పేరు ఇంగ్లీషులో ఏమైంది?

శ్రోతలకు నమస్కారం.

ఆక్స్‌ఫర్డ్‌లో 1458లో స్థాపించిన మాగ్డలెన్ కాలేజీ ఉంది. రాసేది మాగ్డలెన్ అనే అయినా అక్కడివాళ్లు పలికేది మాడ్లిన్ అని. కేంబ్రిడ్జిలో ఇదే పేరున్న కాలేజీనీ అలాగే పిలుస్తారు. పాతకాలపు ఇంగ్లీషువాళ్ల నోట మగ్దలేనే మరియ పేరు పలికిన తీరు అది. మాడ్లిన్ అనే మాట ఇంగ్లీషులో విడిగా కూడా ఉంది. చీటికీ మాటికీ కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లని, ముఖ్యంగా తాగి ఏడ్చేవాళ్లని అలా అంటారు. చిత్రకారులు ఆమెను ఎక్కువగా కన్నీళ్లతోనే గీస్తూ వచ్చారు మరి!

ఇంతకీ బైబిల్లో ఆమె ఎవరు? లూకా సువార్త ఎనిమిదో అధ్యాయం చూడండి. ఏడు దయ్యాలు వదిలిన స్త్రీ. సొంత సొమ్ముతో యేసుకూ శిష్యులకూ ఉపచారం చేసిన స్త్రీలలో మొదటి పేరు ఆమెదే. సిలువ దగ్గరా నిలబడింది. ఆదివారం ఇంకా చీకటి ఉండగానే యేసు సమాధి దగ్గరికి వెళ్లింది. అక్కడ ఏడ్చింది, నిజమే. కానీ ఎదురుగా ఉన్నాయన తోటమాలి అనుకుని ఏమందో వినండి: అయ్యా, ఆయన్ని మీరు తీసుకెళ్లి ఉంటే ఎక్కడ ఉంచారో చెప్పండి, నేను తీసుకుపోతాను. ఒంటరి ఆడమనిషి, ఒక శవాన్ని తానే మోసుకుపోతానంటోంది! ఆయన "మరియా" అని పిలవగానే యేసేనని గుర్తుపట్టింది. శిష్యుల దగ్గరికి వెళ్లి, ప్రభువును చూశానని చెప్పింది. అంత గుండెధైర్యం ఉన్న మనిషి పేరు తాగుబోతు ఏడుపుకి అంటుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఆమెను వేశ్య అని సువార్తలు ఎక్కడా అనలేదు. లూకా ఏడో అధ్యాయంలో, యేసు పాదాలను కన్నీళ్లతో తడిపిన ఒక పాపాత్మురాలు వస్తుంది. ఆమె పేరు అక్కడ లేదు. 591లో పోప్ గ్రెగరీ తన ప్రసంగంలో ఆ పాపాత్మురాలు, లాజరు సోదరి అయిన బేతనియ మరియ, మగ్దలేనే మరియ ముగ్గురూ ఒక్కరేనన్నారు. పశ్చిమ దేశాల్లో ఆ మాటే స్థిరపడిపోయింది. చివరికి ఇంగ్లీషులో మాగ్డలెన్ అంటే చెడిపోయి బాగుపడిన ఆడది అనే అర్థం వచ్చేసింది.

అలాంటివారి కోసమని 1758లో లండన్‌లో మాగ్డలెన్ పేరుతో ఒక శరణాలయం తెరిచారు. ఐర్లాండ్‌లో అవి మాగ్డలెన్ లాండ్రీలయ్యాయి. పెళ్లికాకుండా తల్లులైనవాళ్లు, దిక్కులేని పిల్లలు, ఇంట్లోవాళ్లు వద్దనుకున్న అమ్మాయిలు అక్కడ జీతం లేకుండా ఊరందరి బట్టలు ఉతికారు. లోపలికి వెళ్లగానే చాలామందికి సొంత పేరు తీసేసి వేరే పేరు పెట్టేవారు. చివరి లాండ్రీ మూతపడింది 1996లో. 2013 ఫిబ్రవరిలో ఐర్లాండ్ ప్రధాని పార్లమెంటులో ఆ స్త్రీలకు క్షమాపణ చెప్పారు.

కతోలిక సంఘం 1969లో తన పండుగల పట్టికను సవరించినప్పుడు ఆ ముగ్గురినీ కలిపే పాత పద్ధతిని వదిలేసింది. 2016లో జూలై 22న వచ్చే ఆమె స్మరణ దినాన్ని అపొస్తలుల పండుగలతో సమానం చేసింది.

మన దగ్గర ప్రసంగాల్లో ఆమెను వేశ్య అనడం ఇప్పటికీ వినిపిస్తుంది. ఈస్టరుకు వాక్యం చెప్పే పెద్దలు ముందుగా లూకా ఏడు, ఎనిమిది అధ్యాయాలు వరసగా ఒకసారి చదవాలని నా విన్నపం.

సెలవు, నమస్కారం.