‘ఏషియన్’ అనే డబ్బాలో ఎవరున్నారు?

అక్క: అందరికీ నమస్కారం. నాకిక్కడ అమెరికాలో రాత్రి తొమ్మిదిన్నర, మా తమ్ముడికి అక్కడ పొద్దున ఏడు. బడికి బయల్దేరేలోపు అరగంట ఇస్తానన్నాడు.

తమ్ముడు: ఇరవై నిమిషాలే అక్కా. ఇవాళ ప్రేయర్ డ్యూటీ నాది.

అక్క: సరే, ఉపోద్ఘాతం వద్దు. టీజే. థామస్ జెఫర్సన్ హైస్కూల్ ఫర్ సైన్స్ అండ్ టెక్నాలజీ. వర్జీనియాలో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ వాళ్లు నడిపే సర్కారు బడి. 1985 నుంచి సైన్స్ బడిగా నడుస్తోంది. మా లౌడన్ కౌంటీ పిల్లలూ అప్లై చేసుకోవచ్చు. ఇక్కడ ఏ తెలుగువాళ్లింటికి భోజనానికెళ్లినా పులిహోర అయ్యేలోపు టీజే మాట రావాల్సిందే.

తమ్ముడు: సర్కారు బడి సీటు కోసమా? మేం ప్రతి జూన్‌లో ఇంటింటికీ తిరిగి, ‘మీ పిల్లాణ్ని మా హైస్కూల్లో చేర్పించండమ్మా’ అని బతిమాలుకుంటున్నాం!

అక్క: ఇక్కడ బతిమాలుకునేది మేమే. 2020 దాకా ఎంట్రన్స్ ఉండేది, అప్లికేషన్ ఫీజు 100 డాలర్లు. మా పక్కింటి పాపకి ఆరో తరగతి నుంచే కోచింగ్. ఆదివారం పొద్దున వాళ్ల డైనింగ్ టేబుల్ మీద ఒకవైపు చట్నీ గిన్నె, ఇంకోవైపు ప్రాక్టీస్ పేపరు, మధ్యలో టైమర్. అది మోగేదాకా పిల్ల దోసె ముట్టుకోదు. వాళ్లమ్మ మూడోసారి వేడి చేసి పెట్టడం నేనే చూశాను.

తమ్ముడు: ఐఐటీ ఫౌండేషన్‌ని విమానం ఎక్కించి తీసుకెళ్లారన్నమాట.

అక్క: మనవాళ్లే కాదురా, కొరియా వాళ్లు, చైనా వాళ్లు అందరూ. ఇప్పుడు లెక్క విను. 2020లో 486 మందికి సీట్లొస్తే అందులో 73 శాతం ఏషియన్, అంటే మనవాళ్లూ, చైనా, కొరియా వాళ్లూ అంతా కలిపి. నల్లజాతి పిల్లలు పదిమంది కూడా లేరు.

తమ్ముడు: పేదింటి పిల్లలు?

అక్క: 0.62 శాతం.

తమ్ముడు: శాతాల్లో చెప్పకు. మనుషుల్లో చెప్పు.

అక్క: ముగ్గురు.

తమ్ముడు: 486 మందిలో ముగ్గురా! మా పదో తరగతిలో రేషన్ కార్డు లేని ఇల్లు వెతకాలి. అక్కడ దానికి తిరగేసి ఉంది.

అక్క: 2020 చివర్లో స్కూల్ బోర్డు ఎంట్రన్స్ తీసేసింది, ఫీజూ తీసేసింది. ప్రతి పబ్లిక్ మిడిల్ స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో ఒకటిన్నర శాతానికి సరిపడా టీజే సీట్లు ఆ స్కూలు పిల్లలకే. 400 మంది చదువుతుంటే ఆరు సీట్లు. మార్కులు చూస్తారు, వ్యాసం రాయిస్తారు, ఇంట్లో డబ్బుకి ఇబ్బందా, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకుంటున్నారా అన్నదీ చూస్తారు. మిగిలిన సీట్లకి అందరూ కలిసి పోటీ.

తమ్ముడు: దాంతో మీవాళ్లకి తగ్గాయి.

అక్క: తగ్గాయి. 2021లో 550 సీట్లలో ఏషియన్లు 54 శాతం. మా వాట్సాప్ గ్రూపు వారం రోజులు మండిపోయింది. తల్లిదండ్రులు కొందరు ‘కొయలిషన్ ఫర్ టీజే’ అని కట్టి కోర్టుకెళ్లారు. 2022 ఫిబ్రవరిలో జడ్జి వాళ్లవైపే తీర్పిచ్చాడు, 2023 మేలో అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు వినం పొమ్మంది.

తమ్ముడు: నువ్వు ఎటువైపు?

అక్క: మొదట్లో నేనూ గ్రూపులో కోపం ఎమోజీలు పెట్టినదాన్నే. తర్వాత అప్పీల్ కోర్టు తీర్పులో ఒక అంకె చదివాను. డబ్బులేని ఇళ్ల ఏషియన్ పిల్లలకి 2020లో వచ్చిన సీట్లు ఎన్నో తెలుసా? ఒకటి. 2021లో 51.

తమ్ముడు: అదే డబ్బాలోనా?

అక్క: అదే డబ్బా. పైన లేబుల్ ‘ఏషియన్’. లోపల సాఫ్ట్‌వేర్ మేనేజరు కూతురూ ఉంటుంది, హోటల్ వంటింట్లో గిన్నెలు కడిగేవాడి కొడుకూ ఉంటాడు. మేం ఏషియన్లకి అన్యాయం అని అరిచినప్పుడు మా కళ్లముందు ఉన్నది మా పిల్లలే. ఆ రెండోవాడు అసలు మా లెక్కలో లేడు.

తమ్ముడు: మరి బడి ర్యాంకు పడిపోయిందని ఎక్కడో చదివానే?

అక్క: బడులకి ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ వాళ్ల జాబితాలో ఒకటో స్థానంలో ఉండేది. 2023లో అయిదు, 2024లో పద్నాలుగు. ‘చూశారా, ఎంట్రన్స్ తీసేస్తే ఇంతే’ అని గ్రూపులో పండగ.

తమ్ముడు: ఆగు ఆగు. కొత్త పద్ధతిలో 2021లో చేరినవాళ్లు పన్నెండో తరగతి ఎప్పుడు పూర్తి చేశారు?

అక్క: 2025లో.

తమ్ముడు: ర్యాంకుకి ముఖ్యంగా చూసేవాటిలో సీనియర్ల పరీక్షలున్నాయి. అవీ ఏడాదో రెండేళ్లో పాతవి. అంటే పడిన ర్యాంకు చాలావరకు ఎంట్రన్స్ రాసి వచ్చిన పిల్లలది! లెక్కల మాస్టారుని కదా, నాకిలాంటివి పళ్లెంలో రాయిలా తగులుతాయి. మా దగ్గరా అంతే. పదో తరగతి ఫలితాలు రాగానే ‘మీ బడి ఎంత శాతం’ అంటారు గానీ, మిర్చి కోతలప్పుడు నెలరోజులు బడికి రాని పిల్ల ఎలా పాసైందని ఒక్కరూ అడగరు.

అక్క: ఈ ఒకటిన్నర శాతం లాంటిది మన దగ్గర ఉందా?

తమ్ముడు: లేకేం. ట్రిపుల్ ఐటీలు ఎందుకున్నాయి మరి? 2008లో పెట్టారు నూజివీడు, ఇడుపులపాయ, బాసర. ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులే. గ్రేడ్ పాయింట్లున్న రోజుల్లో మాలాంటి జిల్లా పరిషత్ బడి పిల్లలకి 0.4 కలిపేవాళ్లు, డిప్రివేషన్ స్కోర్ అని. 9.7 వచ్చిన మా అమ్మాయి ఒకర్తి ఆ లెక్కన 10.1 అయ్యి, పదికి పది తెచ్చుకున్న ప్రైవేటు పిల్లల్ని దాటింది. అప్పుడు ఊళ్లో ఒకాయన నన్ను ఆపి, ‘పదికి పది పాయింట్ ఒకటేంటి మాస్టారూ, మీరు లెక్కలే చెప్తారా’ అన్నాడు.

అక్క: ఏం చెప్పావు?

తమ్ముడు: నవ్వేసి టీ తాగించాను. మరుసటి ఏడు ఆయనే వచ్చి, కొడుకుని మా బడికి మారిస్తే ఆ 0.4 వస్తుందా అని మెల్లగా అడిగాడు.

అక్క: ఇక్కడా అదే కథరా! పక్కింటావిడ నిన్న ఏమందో తెలుసా? టీజేకి ఎక్కువమంది అప్లై చేయని మిడిల్ స్కూల్ ఏదో చూసి ఆ పక్కకి ఇల్లు మారితే ఎలా ఉంటుందట. రెండోపిల్ల అయిదో తరగతి.

తమ్ముడు: టైమరు కూడా సర్దుకుందా?

అక్క: అదే ముందు సర్దుకుని ఉంటుంది.

తమ్ముడు: ఏడూ ఇరవై అయిందక్కా. నేను బండి తియ్యాలి.