తలుపు తీయడానికి పన్నెండు రోజులు

నమస్కారం. ఈరోజు నేను చూపించబోయేది అచ్చైన పుస్తకం కాదు, ఒక పాత నోటుపుస్తకం. పోయిన ఆదివారం ఇక్కడే చెన్నైలో, ట్రిప్లికేన్ పైక్రాఫ్ట్స్ రోడ్డు పక్కన పాత పుస్తకాల గుట్టలో దొరికింది. ఎవరో ఇంగ్లీషు దినపత్రికలో వచ్చే కామిక్ స్ట్రిప్‌ను రోజూ కత్తిరించి, జిగురుతో అంటించి, పక్కన తేదీ వేసుకుంటూ వచ్చారు. స్ట్రిప్ పేరు మాత్రం కత్తెరకు పోయింది.

ఈ పేజీ చూడండి, కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను. సోమవారం హీరో ఒక తలుపు ముందు నిలబడి "లోపల ఎవరో ఉన్నారు" అంటాడు. మంగళవారం మళ్ళీ అదే మాట. బుధవారం గొళ్ళెం మీద చెయ్యి. గురువారం ఆ చెయ్యే, కాస్త పెద్దదిగా. నేను లెక్కపెట్టాను, తలుపు తెరుచుకోవడానికి పన్నెండు స్ట్రిప్పులు పట్టింది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే! తొమ్మిదో రోజు అంచున పెన్సిలుతో, తెలుగులో, చిన్న అక్షరాలు కనిపిస్తున్నాయా? "ఇంకా తలుపు దగ్గరేనా?" అని రాసి ఉంది. అది చదివాక నాకు నిజంగా కోపం వచ్చింది. పొద్దున్నే పేపరు కోసం ఎదురుచూసి, కత్తెర పట్టుకుని కూర్చున్న మనిషికి ఆ రచయిత ఇచ్చింది ఇదా?

స్ట్రిప్ రాయడం కష్టమే, కాదనను. రోజుకు మూడు గళ్ళు, మహా అయితే నాలుగు. మొదటి గడి నిన్నటి సంగతి గుర్తుచేయడానికి పోతుంది, చివరిది రేపటికి ఊరించడానికి. కథ నడిచేది మధ్యలోనే. దానికి తోడు ఆదివారం సమస్య. అమెరికాలో కొన్ని పత్రికలు రోజువారీ స్ట్రిప్పు మాత్రమే వేసేవి, కొన్ని ఆదివారం రంగుల పేజీ మాత్రమే. ఏడు రోజులూ ఒకే కథ నడిపితే ఎవరికీ తెగిపోకూడదు కాబట్టి, వారమంతా జరిగింది ఆదివారం మళ్ళీ చెప్పాల్సి వచ్చేది. ఫాంటమ్, మాండ్రేక్ స్ట్రిప్పుల రచయిత లీ ఫాక్ ఈ చిక్కును చక్కగా విప్పాడు. 1936లో రోజువారీగా మొదలైన ముసుగు వీరుడి కథ ఫాంటమ్‌కు 1939లో ఆదివారం పేజీ వచ్చినప్పుడు, దానికి వేరే కథ పెట్టాడు.

ఫాంటమ్ మాత్రం తొందరపడ్డాడా అంటారేమో. ప్రేయసి డయానాతో అతని పెళ్ళి 1977లో జరిగింది, అంటే స్ట్రిప్ మొదలైన 41 ఏళ్ళకు. 1934లో వచ్చిన మాంత్రికుడు మాండ్రేక్ తన ప్రేయసి నార్దాను పెళ్ళాడింది 1997లో! అయినా ఆ ఆలస్యం నన్నెప్పుడూ విసిగించలేదు. పెళ్ళి ఆగింది కానీ కథలు ఆగలేదు. ఒక సాహసం ముగిసేది, ఇంకొకటి మొదలయ్యేది. మన వడపళని నుంచి వచ్చిన చందమామలో సీరియల్ కోసం నెలంతా కాచుకోలేదా? నెల తర్వాత ఆ రెండు మూడు పేజీల్లో ఏదో ఒకటి జరిగేది. అందుకే కాచుకున్నాం.

అసలు నెమ్మది ఎలా ఉండాలో గ్యాసొలీన్ ఆలీ అనే అమెరికన్ స్ట్రిప్ చూపించింది. 1921 ఫిబ్రవరి 14న ఒక బ్రహ్మచారి గుమ్మంలో పసిబిడ్డను వదిలేసి పోతారు. ఆ బిడ్డ స్కీజిక్స్ పాఠకులతోపాటే రోజుకొక రోజు చొప్పున పెరిగాడు. బడికి వెళ్ళాడు, రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళాడు, పెళ్ళి చేసుకున్నాడు. దానిలో ఏమీ జరగని రోజు కూడా ఆ పిల్లవాడి వయసులో ఒక రోజే. దీనికి పూర్తిగా భిన్నమైనది అపార్ట్‌మెంట్ 3-జి అనే మరో అమెరికన్ స్ట్రిప్. 1961లో మొదలై 2015లో ఆగిపోయింది. చివరి కాలంలో పాత్రలు వీధిలో నిలబడి మాట్లాడుతూనే ఉండేవి, వాటి మాటలకూ వెనకున్న బొమ్మకూ పొంతన ఉండేది కాదు. దశాబ్దాలుగా చదివినవాళ్ళకు అలాంటి ముగింపు ఇవ్వడం అన్యాయం.

ఈ నోటుపుస్తకంలోని కథకు నేనిచ్చేది ఐదుకు ఒకటిన్నర. ఆ అర మార్కు బొమ్మలకు, వానలో తడిసిన వీధి గీసిన తీరు చాలా బాగుంది. పదమూడో రోజు తలుపు తెరుచుకుంటుంది, లోపల చీకటి. ఆ తర్వాత కత్తిరింపులు లేవు, పేజీలన్నీ ఖాళీ. అంటించిన మనిషి విసిగి మానేశారో, మరేదైనా జరిగిందో. ఈ వీధిని, ఈ తలుపును మీలో ఎవరైనా గుర్తుపడితే, ఆ గదిలో ఎవరున్నారో కింద రాయండి.