చీము ఉంది, రిపోర్టులో ఏమీ లేదు

అందరికీ నమస్కారం. నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివేవాళ్లు ఇంతమంది వచ్చినందుకు సంతోషం. ఇవాళ ఒక్క బ్యాక్టీరియా గురించే మాట్లాడతాను. దాని పేరు బ్యాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పేషెంటు చీము శాంపిల్ వచ్చింది. మూత తీస్తే గది అంతా కుళ్లు వాసన. బ్యాక్టీరియాను పెంచే మామూలు ప్లేటు మీద గీసి ఇంక్యుబేటర్‌లో పెట్టాను. మర్నాడు ఏమీ పెరగలేదు. ‘నో గ్రోత్’ అని రాసి సంతకం పెట్టేశాను. గాలి లేనిచోట పెరిగే బ్యాక్టీరియా ఉందని ఆ వాసనే నాకు జవాబు చెప్పింది, నేను వినలేదు. ఆ సంతకం ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఈ బ్యాక్టీరియా ఉండేది మన పెద్దపేగులో. అక్కడ ఆక్సిజన్ లేనట్టే. అక్కడున్న కోట్ల సూక్ష్మజీవుల్లో దీని వాటా చాలా చిన్నది. అయినా మనిషి చీముగడ్డల్లో దొరికే వాయురహిత బ్యాక్టీరియాలో, అంటే గాలి లేనిచోట పెరిగేవాటిలో, ఎక్కువసార్లు కనిపించేది ఇదే. 1898లోనే ఫ్రాన్స్‌లో వెయాన్, జూబేర్ అనే ఇద్దరు అపెండిసైటిస్ చీములో దీన్ని గుర్తించారు. ఫ్రాజిలిస్ అంటే పెళుసైనది అని అర్థం. దీని గుణానికి ఆ పేరు ఏమాత్రం నప్పదు. గాలి తగిలినా వెంటనే చావదు, కొన్ని గంటలు ఓర్చుకుంటుంది. పెరగడం మాత్రం మానేస్తుంది. నా ప్లేటు ఖాళీగా ఉండటానికి కారణం అదే.

దీని బలమంతా ఒంటి మీది చక్కెర పొరలో ఉంది. అలాంటి పొరలు 8 రకాలు తయారుచేయగలదు, అవసరాన్ని బట్టి మార్చుకుంటుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, బతికున్న బ్యాక్టీరియా లేకుండా ఆ పొర పదార్థం ఒక్కటే పొట్టలోకి ఎక్కించినా గడ్డ కట్టింది. 2005లో మరో సంగతి బయటపడింది. పేగులో ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకల్లో రోగనిరోధక కణాలు సరిగా ఎదగవు. ఈ బ్యాక్టీరియాను, ఆ పొరతో సహా ఇస్తే ఎదిగాయి. నాకు ఎప్పటికీ ఆశ్చర్యంగా ఉండే విషయం ఇది. పేగులో ఉన్నంతసేపు మేలు చేసే పొర, అపెండిక్స్ పగిలి పొట్టలోకి జారితే గడ్డ కట్టిస్తుంది.

మందుల సంగతి చూడండి. జెంటామైసిన్ కణంలోకి వెళ్లాలంటే ఆక్సిజన్‌తో నడిచే యంత్రాంగం కావాలి. దీనికి అది లేదు, కాబట్టి మందు పనిచేయదు. పెన్సిలిన్‌ను ఇది తన ఎంజైముతో విరగ్గొడుతుంది. మెట్రోనిడజోల్ మాత్రం ఆక్సిజన్ లేని కణంలోనే విషంగా మారుతుంది, అందుకే బాగా పనిచేస్తుంది.

ఇక మీ పని. పైపైన దూదిపుల్లతో అద్దకండి. డాక్టరు సిరంజితో లోపలి చీము లాగితే, దాన్ని వాయురహిత ట్రాన్స్‌పోర్ట్ సీసాలో వేసి వెంటనే పంపండి. ఫ్రిజ్‌లో పెట్టకండి. ఫారం మీద ‘అనరోబిక్ కల్చర్’, అంటే గాలి లేకుండా పెంచి చూసే పరీక్ష, అని స్పష్టంగా రాయండి. ల్యాబ్‌లో వాళ్లు గాలి లేని జార్‌లో కనీసం రెండు రోజులు ఉంచాలి. పిత్తం, ఎస్క్యులిన్ అనే పదార్థం కలిపిన ప్లేటు మీద పెరిగితే చుట్టూ నల్లబడుతుంది. రెండో రోజు దాకా ఆగమని డాక్టర్లకు చెప్పడానికి మొహమాటపడకండి.

పక్క బల్ల మీద మైక్రోస్కోప్ కింద గ్రామ్ స్టెయిన్ పద్ధతిలో రంగు పట్టించిన ఈ బ్యాక్టీరియా స్లైడు పెట్టాను. లేత గులాబీ రంగులో చిన్న కడ్డీలు కనిపిస్తాయి. ముందు వరుస వాళ్లు రండి, చూద్దాం.