అంబాసిడర్ రేకు గట్టిదే, మరి లోపలి మనిషి?

[దృశ్యం: తిరుపతిలో ఒక టింకరింగ్ షెడ్డు. తెల్ల అంబాసిడర్ బానెట్ మీద చేత్తో తట్టిన చప్పుడు.]

ఈ చప్పుడు వింటే చాలు, షెడ్డులో ఎవరో ఒకరు అంటారు: "అప్పటి రేకన్నా ఇది! ఇప్పుడొచ్చేవన్నీ అప్పడాలు. బైకు తగిలినా బంపర్ ఊడొస్తుంది."

బంపర్ సంగతి నిజమే. మనిషి సంగతి చూద్దాం.

[దృశ్యం: రెండు కార్లు ఎదురెదురుగా వచ్చే యానిమేషన్.]

2009లో అమెరికాలో ఐఐహెచ్ఎస్ అనే రోడ్డు భద్రత సంస్థ 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నీ, 2009 షెవర్లే మాలిబూనీ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించింది. అది కూడా డ్రైవర్ల వైపు మాత్రమే తగిలేలా. బెల్ ఎయిర్ అంటే పడవంత బండి. అయినా క్యాబిన్ నలిగి, స్టీరింగ్, డ్యాష్‌బోర్డు వచ్చి డ్రైవర్‌కు బదులు కూర్చోబెట్టిన బొమ్మ మీద పడ్డాయి. మాలిబూ ముందు భాగం తుక్కయింది. అందులోని బొమ్మకు మాత్రం కాలికి చిన్న దెబ్బ.

[దృశ్యం: బానెట్ ముడుచుకుంటుంది, క్యాబిన్ చెక్కుచెదరదు. స్లో మోషన్.]

64 వేగంలో గోడను గుద్దడమంటే దాదాపు అయిదంతస్తుల మేడ మీంచి పడటమే. ఆ దెబ్బను ఏదో ఒకటి మింగాలి. క్యాబిన్ ఆగేలోపు ముందు భాగం 60 సెంటీమీటర్లు నలిగిందనుకోండి. 10 సెంటీమీటర్లలోనే ఆగిపోతే మనకు తగిలే దెబ్బ ఆరు రెట్లు! అందుకే ఇప్పటి బండి ముక్కును కావాలనే నలిగేలా చేసి, మనం కూర్చునే గదిని మాత్రం గట్టిగా కడతారు. పాత బండిలో ఏది ముందు నలగాలో ఎవరూ లెక్క వేయలేదు. గట్టి రేకు ఉన్నా నలిగే వంతు క్యాబిన్‌కే వచ్చేది.

ఇక్కడో తమాషా. మెర్సిడెస్ ముందు భాగం నలిగే కారును, వోల్వో మూడు చోట్ల బిగించే సీట్ బెల్టును 1959లోనే తెచ్చాయి. మన అంబాసిడర్ మాత్రం 1950ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఒడ్డూపొడుగుతోనే 2014 దాకా వచ్చింది.

అలాగని కొత్తదల్లా మంచిదని కాదు. 2014లో కార్లను గుద్దించి భద్రతకు స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ పరీక్షించిన అయిదు ఇండియన్ చిన్న కార్లకూ, ఎయిర్‌బ్యాగ్ లేని బేస్ మోడళ్లకు, సున్నా స్టార్లే వచ్చాయి. 2023 అక్టోబరు నుంచి అలాంటి పరీక్షే మనకూ ఉంది, పేరు భారత్ ఎన్‌క్యాప్. కొనే ముందు షోరూమ్‌లో మైలేజీతో పాటు స్టార్లూ అడగండి.

[దృశ్యం: యాక్సెసరీస్ షాపు. బీప్ ఆపే క్లిప్, ముందు బిగించే స్టీలు గార్డు.]

నాకు ఒళ్లు మండేది ఈ రెండింటి మీదే. నలగాల్సిన ముక్కుకు ఇనుప గార్డు బిగిస్తే, దెబ్బ దాన్ని దాటి నేరుగా ఛాసిస్‌కు చేరుతుంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లూ తికమకపడొచ్చు. కేంద్రం 2017లోనే ఇవి చట్టవిరుద్ధమంది. ఇక బెల్టు పెట్టకుండానే బీప్ ఆపే క్లిప్పు... బెల్టు లేకుండా ముందుకు ఎగిరొచ్చే మనిషికి, ఎదురుగా క్షణంలో ఉబ్బే ఎయిర్‌బ్యాగే దెబ్బ కొడుతుంది.

అంబాసిడర్ ఉన్నవాళ్లు అమ్మేయక్కర్లేదు. తిరుపతి వీధుల్లో నిదానంగా తిప్పుకోండి, అందరూ తలతిప్పి చూస్తారు. పూతలపట్టు–నాయుడుపేట హైవే మీద లారీల మధ్య 80లో పోవాలంటే మాత్రం ఇంట్లో ఉన్న రెండో బండి తాళం తీసుకోండి.