పాత టీవీకి హెచ్‌డీ బొమ్మ

శ్రోతలకు నమస్కారం. రేడియోలో కూర్చుని టీవీ సంగతులేమిటని నవ్వుకోకండి. ఇంట్లో టీవీ పాతది. బాక్సు కొత్తది. నెలనెలా హెచ్‌డీ ప్యాకుకి డబ్బు కడుతూనే ఉన్నాం. బొమ్మ మాత్రం ఎప్పటిలాగే మసక! ఈ గొడవ నాకు తెలిసిన చాలా ఇళ్ళలో ఉంది. తప్పు టీవీదని, కేబుల్ వాళ్ళదని, ఆఖరికి వర్షందని అంటుంటారు. ఎక్కువసార్లు తప్పు ఒక్క వైరుది. ఇవాళ ఆ వైరు గురించే చెబుతాను.

ముందు లెక్క రెండు ముక్కల్లో. మన దేశంలో పాత పద్ధతి టీవీ బొమ్మ అంటే, అడ్డంగా గీసిన 576 గీతలు. 1982లో రంగులొచ్చినా గీతలు మాత్రం పెరగలేదు. హెచ్‌డీ అంటే 720 గీతలు, లేదా 1080. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్ని దూరదర్శన్ హెచ్‌డీలో చూపించింది. లెక్క ఇంతే, ఇక కథలోకి వద్దాం.

తెనాలిలో మా పెదనాన్నగారింట్లో 32 అంగుళాల టీవీ ఉంది. కొన్నప్పుడు అంటించిన ‘హెచ్‌డీ రెడీ’ స్టిక్కరు ఇప్పటికీ మూల మీద ఉంది. పీకితే మచ్చ పడుతుందని ఎవరినీ ముట్టుకోనివ్వరు. క్రికెట్ కోసం హెచ్‌డీ బాక్సు పెట్టించుకున్నారు. నేను వెళ్ళేసరికి మ్యాచ్ నడుస్తోంది. తెర పైనా కిందా నల్ల పట్టీలు, మధ్యలో ఆటగాళ్ళందరూ పొట్టిగా, లావుగా ఉన్నారు. స్కోరు అంకెల చుట్టూ ఎర్రటి రంగు చెదిరిపోయింది.

‘‘ఏమోరా, డబ్బు రెట్టింపైంది, బొమ్మ అదే’’ అన్నారు పెదనాన్న.

టీవీని పక్కకి తిప్పి చూశాను. దుమ్ము, ఆ దుమ్ములో రెండు బల్లి గుడ్లు, వాటి పక్కన మనందరికీ అలవాటైన మూడు వైర్లు: పసుపు, ఎరుపు, తెలుపు. బాక్సు బిగించిన కుర్రాడు పాత వైర్లు ఎలాగూ ఉన్నాయి కదా అని వాటికే తగిలించి వెళ్ళిపోయాడు. అతన్ని మాత్రం ఏమనగలం, రోజుకి ఎన్ని ఇళ్ళు తిరగాలో! బాక్సుతో పాటు వచ్చిన హెచ్‌డీఎంఐ వైరు, అంటే హెచ్‌డీ బొమ్మనీ శబ్దాన్నీ కలిపి తెచ్చే వైరు, అట్టపెట్టెలో కవరు విప్పకుండా అలాగే ఉంది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఎరుపు, తెలుపు వైర్లు శబ్దానికి. బొమ్మంతా వచ్చేది పసుపు వైరులో. వెలుగు, రంగు అన్నీ కలగలిపి ఆ ఒక్క వైరులోనే పంపుతారు. పైగా అది పాత 576 గీతల బొమ్మే. అందుకే మళ్ళీ చెబుతున్నాను, పసుపు వైరులో హెచ్‌డీ రాదు. ఎంత ఖరీదైన బాక్సు పెట్టినా, ఎన్ని ప్యాకులు కట్టినా, పసుపు వైరులో హెచ్‌డీ రాదు.

సరే, హెచ్‌డీఎంఐ వైరు గుచ్చాను. టీవీ రిమోట్‌లో సోర్స్ నొక్కి హెచ్‌డీఎంఐ 1 పెట్టాను. బొమ్మ లేదు! నల్లటి తెర మీద ‘నాట్ సపోర్టెడ్’ అని వచ్చింది. ‘‘ఉన్నదీ పోగొట్టావా?’’ అని వంటింట్లోంచి మా పెద్దమ్మ.

కంగారు పడాల్సిన పనేమీ లేదు. కొత్త బాక్సు 1080పీ అనే కొలతలో పంపుతోంది, అంటే 1080 గీతల్నీ ఒకేసారి. ఆ కాలపు టీవీల్లో కొన్ని 720పీ, లేదా గీతల్ని ఒకటి విడిచి ఒకటి రెండు విడతల్లో పంపే 1080ఐ వరకే తీసుకుంటాయి. బాక్సు సెట్టింగుల్లో ఒక మెట్టు దించితే చాలు. కానీ బొమ్మే లేనప్పుడు సెట్టింగులు కనపడేదెలా? పసుపు వైరు పీకకుండా ఉంచండి. టీవీని ఏవీకి, అంటే ఆ పసుపు వైరు సోర్స్‌కి, మార్చండి. చాలా బాక్సుల్లో మెనూ అక్కడ కనపడుతుంది. రిజల్యూషన్ 1080ఐ లేదా 720పీ పెట్టి, పక్కనే స్క్రీన్ సైజు పాత డబ్బా టీవీ ఆకారమైన 4:3 అని ఉంటే వెడల్పు టీవీ ఆకారమైన 16:9 చేసి, మళ్ళీ హెచ్‌డీఎంఐకి రండి. ఆటగాళ్ళ లావుకి కారణం ఆ 4:3 సెట్టింగే.

బొమ్మ వచ్చింది. ‘‘ఒరేయ్, బంతి కుట్టు కనపడుతోందిరా’’ అని పెదనాన్న ముందుకి జరిగి కూర్చున్నారు. రాత్రి సీరియల్ వేళకి పెద్దమ్మ మాత్రం పెదవి విరిచింది. ‘‘ఆ పిల్ల మొహాన ఎంత పౌడరు కొట్టారో, ఇదివరకే నయం!’’

ఇంకొక్క మాట. హెచ్‌డీ ఛానెల్ నంబరు వేరే ఉంటుంది. ఈటీవీ అయినా, జెమినీ అయినా, మామూలుదానికి ఒక నంబరు, హెచ్‌డీకి ఇంకో నంబరు. అలవాటుకొద్దీ పాత నంబరే నొక్కితే, ఇంత తంటా పడి పాత బొమ్మే చూస్తాం.

మరి వెనక బుర్ర ఉన్న పాత డబ్బా టీవీ సంగతి? హెచ్‌డీ బాక్సు దానికీ తగిలించుకోవచ్చు, పసుపు వైరుతో పనిచేస్తుంది. కానీ వచ్చేది 576 గీతలే. నన్నడిగితే, డబ్బా టీవీ ఉన్నవాళ్ళు హెచ్‌డీ ప్యాకు తీయించేయండి, ఆ డబ్బు మిగుల్చుకోండి. మామూలు ఛానెళ్ళు ఆ టీవీలో కంటికి హాయిగానే ఉంటాయి. పెద్ద తెరల మీద కంటే బాగుంటాయని కూడా అంటాను నేను.

కొత్త రకం బాక్సుల్లో కొన్నిటికి పసుపు వైరు పెట్టే చోటే ఉండదు. డబ్బా టీవీకి అలాంటి బాక్సు తగిలించాలంటే అగ్గిపెట్టెకంటే కాస్త పెద్ద కన్వర్టరు కొనుక్కోవాలి. కొట్లో రెండు రకాలుంటాయి, చూడటానికి రెండూ ఒకటే. ఒకటి హెచ్‌డీఎంఐని ఏవీగా మారుస్తుంది, రెండోది ఏవీని హెచ్‌డీఎంఐగా. ఒకదాని పని రెండోది చేయదు. మీకు కావాల్సింది హెచ్‌డీఎంఐ లోపలికి, ఏవీ బయటికి. దాని మీద ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ అని రాసి ఉందో లేదో చూసి తీసుకోండి. దానికి కరెంటు కూడా కావాలి. డబ్బా టీవీల్లో చాలావాటికి యూఎస్‌బీ ఉండదు కాబట్టి ఇంట్లో ఉన్న పాత ఫోను చార్జరుకి తగిలించండి, సరిపోతుంది. సెలవు. నమస్కారం.