నొప్పి లేదు కదా అనుకున్న గడ్డ

అమ్మలకూ, అక్కచెల్లెళ్లకూ నమస్కారం. వెనక వరసలో కూర్చున్న అన్నదమ్ములకు కూడా. మీరు రావడం నాకు చాలా సంతోషం. ఆడవాళ్లకు ఆపరేషన్ అంటే ‘సరే’ అని సంతకం పెట్టేది చాలా ఇళ్లలో ఇప్పటికీ మీరే.

నేను రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్లు చేసే సర్జన్‌ని. ఓపీలో నేను తరచుగా వినే మాట ఒకటుంది: “నొప్పి లేదు కదమ్మా, అందుకే ఊరుకున్నా.” మొన్న నలభై నాలుగేళ్ల ఆవిడ కూడా అదే అంది. స్నానం చేస్తుంటే కుంకుడుగింజంత గడ్డ చేతికి తగిలిందట. అవి పత్తి ఏరే రోజులు. తర్వాత కూతురి పరీక్షలు, ఆ తర్వాత మేనకోడలి పెళ్లి. ఎనిమిది నెలలు గడిచిపోయాయి. నా దగ్గరికి వచ్చేసరికి గడ్డ నిమ్మకాయంత అయింది, చంకలో ఇంకొకటి తేలింది. ఆవిణ్ణి ఏమని తప్పు పడతాం? నొప్పి పుడితేనే రోగమని మనందరికీ అలవాటు. ఈ గడ్డ మాత్రం మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదు.

“మా ఇంటా వంటా ఎవరికీ లేదే” అని కూడా అంటారు. పుట్టుకతో వచ్చిన జన్యు మార్పు వల్ల వచ్చేది నూటికి ఐదు నుంచి పది మందికే. అలా మారితే ఈ ముప్పు పెంచే బీఆర్‌సీఏ1 జన్యువును 1994లో, బీఆర్‌సీఏ2ను 1995లో గుర్తించారు. అమ్మకో అక్కకో చిన్న వయసులో వచ్చినా, ఇంట్లో అండాశయ క్యాన్సర్ ఉన్నా, జన్యు పరీక్ష అవసరమా అని డాక్టర్ని అడగండి. ఇది నాన్న వైపు నుంచి కూడా రావచ్చు. మేనత్తల సంగతి చెప్పడం అందరూ మర్చిపోతారు. వయసు పెరగడం, ముట్లు త్వరగా మొదలై ఆలస్యంగా ఆగడం, ఆ తర్వాత ఒళ్లు పెరగడం, మద్యం ముప్పును పెంచుతాయి. బిడ్డకు పాలివ్వడం కొంత తగ్గిస్తుంది. ఇవేవీ లేనివాళ్లకూ వస్తుంది. “నేనేం పాపం చేశాను డాక్టరమ్మా” అని ఏడ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: మీరు ఏ పాపమూ చేయలేదు తల్లీ.

గడ్డ కనపడగానే టెన్షన్ పడొద్దు. ఎక్కువ గడ్డలు క్యాన్సర్ కావు. కానీ అది చెప్పాల్సింది మీరూ కాదు, చేత్తో చూసి నేనూ కాదు. మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయాలి, అనుమానం ఉంటే సూది పరీక్ష చేయాలి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని ఊళ్లలో గట్టి నమ్మకం. అది నిజం కాదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక టక్‌మని స్టేప్లర్ కొట్టినట్టు చప్పుడు వస్తుంది, సేమ్యా పోగులాంటి సన్నటి ముక్క బయటికి వస్తుంది. అలాంటివి నాలుగైదు తీసి ఫార్మలిన్ సీసాలో వేస్తాం. క్యాన్సరా కాదా, ఏ రకం, హార్మోన్ మాత్రలు పనిచేస్తాయా, హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉందా అన్నవన్నీ ఆ సేమ్యా పోగే చెబుతుంది. ముందు కీమోనా, ముందు ఆపరేషనా అన్నది దాన్నిబట్టే తేలుతుంది. అందుకే చేతులెత్తి మొక్కుతున్నా, సూది పరీక్ష లేకుండా “ముందు గడ్డ కోసేద్దాం, తర్వాత చూద్దాం” అంటే ఒప్పుకోకండి.

ఇక ఆపరేషన్. 1880లలో అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్ముతోపాటు దాని కింద ఉండే ఛాతీ కండరాలు, చంక గ్రంథులు అన్నీ తీసేసే పద్ధతి మొదలుపెట్టారు. దశాబ్దాల తరబడి ప్రపంచమంతా అదే చేసింది. ఇటలీలో వెరొనేసి, అమెరికాలో ఫిషర్ అనే సర్జన్లు అంత అవసరమా అని ప్రశ్నించి, వందల మంది రోగులను 20 ఏళ్లు గమనించారు. 2002లో ఫలితాలు అచ్చయ్యాయి. తొలి దశలో గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లూ, రొమ్ము మొత్తం తీయించుకున్నవాళ్లూ ఒకేలా బతికారు. అయినా “మొత్తం తీసేయండి, పీడ పోతుంది” అనే భర్తలు, అత్తలు నాకు రోజూ కనిపిస్తారు. గడ్డ మరీ పెద్దదైనా, ఒకే రొమ్ములో దూరదూరంగా ఉన్నా మొత్తం తీయక తప్పకపోవచ్చు. లేనప్పుడు ఎందుకు? ఆ నిర్ణయం ఆమెది.

గడ్డను చుట్టూ మంచి కండతో సహా తీసి, ఏ వైపు ఏదో తెలిసేలా దారాలు కడతాం, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. అంచులో క్యాన్సర్ మిగిలిందా అని ల్యాబ్‌లో చూస్తారు. చంక గ్రంథుల్లో క్యాన్సర్ ముందుగా చేరేదాన్ని పట్టుకోవడానికి నీలం మందు ఎక్కిస్తాం. కొవ్వు మధ్యలో ఆ గ్రంథి నీలంగా మెరుస్తుంది. అందులో క్యాన్సర్ లేకపోతే మిగతావి తీయక్కర్లేదు, చెయ్యి వాచే బాధ బాగా తగ్గుతుంది. మర్నాడు మూత్రం ఆకుపచ్చగా వస్తే కంగారు పడకండి, అది ఆ మందే.

డబ్బు గురించి ఆలోచిస్తూ ఆగిపోకండి. ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది.

పక్క గదిలో పరదా కట్టించాను. నాతో ఒక సిస్టర్ ఉంటుంది, ఇంకెవరూ ఉండరు. రాత్రి ఎనిమిదింటి దాకా అక్కడే కూర్చుంటాను. చేతికి ఏదైనా తగిలినవాళ్లు, చనుమొన నుంచి రక్తం కనపడినవాళ్లు ఇవాళే రండి. పెళ్లిళ్లయ్యాక కాదు.